క్లచ్ పట్టూ విడుపూ: గేర్‌బాక్స్ దించే ముందు మీరే చేసుకోగల పరీక్షలు

గేరు వేస్తే గర్రుమంటోందనో, ఎంత తొక్కినా బండి లాగట్లేదనో మెకానిక్ దగ్గరికి వెళ్తే ఎక్కువసార్లు వినిపించే మాట ఒకటే: "ప్లేట్లు పోయాయి సార్, బాక్సు దించాల్సిందే." ఆ మాట నిజం కావచ్చు. కానీ బాక్సు దించడమంటే ఒక రోజు పని, క్లచ్ సెట్టు ఖర్చు, దాని మీద లేబరు. కొన్నేళ్ళ కిందట మా పాత హ్యాచ్‌బ్యాక్‌కి ఆ ఖర్చంతా పెట్టాను. కొత్త ప్లేట్లు వేసిన పది రోజులకే మళ్ళీ అదే గరగర. చివరికి చూస్తే పెడల్ దగ్గర కేబుల్ తీగలు సగం తెగి ఉన్నాయి. దించిన పాత ప్లేటు డిక్కీలోనే ఉంది, దానికి ఇంకా బోలెడు మందం ఉంది. ఆ ప్లేటును చాలా రోజులు పారేయలేకపోయాను.

అప్పటినుంచి క్లచ్ విషయంలో నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఇది పట్టని రోగమా, విడవని రోగమా? ఈ రెండూ ఒకదానికొకటి తలకిందులు. ఒకదానికి చేసే వైద్యం రెండోదాన్ని ముదరబెడుతుంది కూడా.

ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్. దానికీ ప్రెషర్ ప్లేటుకీ మధ్య ఉండేది క్లచ్ ప్లేటు. మీరు పెడల్ ముట్టుకోనంత సేపూ ప్రెషర్ ప్లేటులోని స్ప్రింగు క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కేసి అదిమి పెడుతుంది, ఇంజన్ బలం గేర్‌బాక్స్‌కి వెళ్తుంది. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగు జరిగి ఆ స్ప్రింగు వేళ్ళను నొక్కుతుంది, పట్టు సడలుతుంది. అంటే పట్టేది స్ప్రింగు, విడిపించేది మీ కాలు. పట్టు పోయిందంటే చాలావరకు లోపలి సామాను సంగతి. విడుపు పోయిందంటే ముందు మీ కాలికీ ఆ బేరింగుకీ మధ్య ఉన్న దారి చూడాలి. ఆ దారిలో ఎక్కువ భాగం గేర్‌బాక్స్ బయటే ఉంటుంది, బాక్సు దించకుండానే కనిపిస్తుంది.

మీ బండిది కేబులా, హైడ్రాలిక్కా

బానెట్ ఎత్తి, క్లచ్ పెడల్ ఎదురుగా ఇంజన్ వైపు చూడండి. అక్కడినుంచి నల్ల తొడుగున్న కేబుల్ వచ్చి గేర్‌బాక్స్ మీద ఒక ఇనప లివర్‌కి తగులుకుని, చివర మరలూ నట్టూ ఉంటే అది కేబుల్ క్లచ్. మారుతి 800, ఆల్టో లాంటి చిన్న బండ్లది ఇదే పద్ధతి. గేరు రాడ్డు నుంచి వచ్చే కేబుళ్ళు కూడా కొన్ని బండ్లలో గేర్‌బాక్స్ మీదకే వస్తాయి, వాటితో తికమక పడకండి. కేబుల్ బదులు చిన్న సిలిండరూ దాని నుంచి సన్నటి పైపూ కనిపిస్తే అది హైడ్రాలిక్. ఇన్నోవా, స్కార్పియో లాంటి బండ్లలో ఉండేది ఇది. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్, మధ్యలో బ్రేక్ ఆయిల్.

ఇంజన్ ఆపి చేసేవి

ముందుగా కాళ్ళ కింద మ్యాటు చూడండి. నవ్వొద్దు. అసలు మ్యాటు మీద ఇంకో మందపాటి మ్యాటు వేసుకుంటే పెడల్ అడుగు దాకా వెళ్ళదు. ఆ ఆఖరి రెండు సెంటీమీటర్ల ప్రయాణమే క్లచ్ పూర్తిగా విడవడానికి కావలసింది. మ్యాటు మొత్తం తీసేసి గేర్లు మార్చి చూడండి. తేడా కనిపిస్తే మీ రిపేరు అక్కడితో అయిపోయింది.

తర్వాత పెడల్‌ను చేత్తో నొక్కండి, కాలితో వద్దు. బూటు వేసుకున్న కాలికి తెలియనివి అరచేతికి తెలుస్తాయి. మొదట కొంత దూరం పెడల్ వట్టిగా కదులుతుంది, ఆ తర్వాత బరువు తగులుతుంది. ఆ వట్టి దూరమే ఫ్రీ ప్లే. పెడల్ పక్కన స్కేలు నిలబెట్టి కొలవండి. చాలా కేబుల్ బండ్లలో అది సుమారు 10 నుంచి 20 మిల్లీమీటర్లు, అంటే ఒక వేలి మందం. మీ బండితో వచ్చిన పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే నమ్మండి. హైడ్రాలిక్ బండ్లలో ఇది ఇంకా తక్కువ, కొద్ది మిల్లీమీటర్లే. కేబుల్ తనంతట తానే సర్దుకునే ఏర్పాటున్న బండ్లలో అసలు తెలియకపోవచ్చు.

అలా నొక్కుతున్నప్పుడే మరికొన్ని గమనించండి. కేబుల్ బండిలో పెడల్ బరువెక్కి, ఇసక మీద నడిచినట్టు గరుగ్గా తగిలితే కేబుల్ లోపల తీగలు విడిపోతున్నాయి. పెడల్ కిందికి పోయి అక్కడే పడి ఉంటే కేబుల్ తెగింది, లేదా హైడ్రాలిక్‌లో ఆయిల్ కారిపోయింది. బరువు పెరిగినా కదలిక నున్నగా ఉంటే మాత్రం ప్లేటు అరిగి స్ప్రింగు కోణం మారి ఉండొచ్చు. క్యాబిన్‌లోనే కిర్రుమంటే పెడల్ ఇరుసు దగ్గర గ్రీజు ఎండిపోయింది. దానికి భయం అక్కర్లేదు.

ఇప్పుడు ఇంజన్ ఆపే ఉంచి అన్ని గేర్లూ వేసి చూడండి. ఇంజన్ ఆపినప్పుడూ గేర్లు మొరాయిస్తే తప్పు క్లచ్‌ది కాకపోవచ్చు, గేరు రాడ్డు కేబుళ్ళూ బుష్‌లూ చూపించండి. ఇంజన్ ఆపినప్పుడు వెన్నలా పడి, స్టార్ట్ చేయగానే మొండికేస్తే అది విడుపు లోపం. ఈ ఒక్క ముక్క చెప్పగలిగినా మెకానిక్ మీతో మాట్లాడే తీరు మారిపోతుంది.

విడుపు పరీక్ష

సమతలంగా ఉన్న ఖాళీ చోట, బండి ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకోండి. ఇంజన్ స్టార్ట్ చేసి కాసేపు వేడెక్కనివ్వండి. న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి, మనసులో అయిదు లెక్కపెట్టి, నెమ్మదిగా రివర్స్ వేయండి. రివర్సే ఎందుకంటే చాలా బండ్లలో మిగతా గేర్లకు ఉండే సింక్రోమెష్ (గర్రుమనకుండా గేరు వేగాలను కలిపే ఏర్పాటు) దానికి ఉండదు, అందుకని క్లచ్ తప్పును అది దాచిపెట్టదు. అయిదు లెక్కపెట్టే లోపు ప్లేటు తిరగడం ఆగిపోవాలి. అప్పటికీ గర్రుమంటే క్లచ్ పూర్తిగా విడవట్లేదు. వెంటనే వేస్తే గర్రుమని, ఆగి వేస్తే నున్నగా పడితే కంగారు లేదు, తొందర మీదే.

తర్వాత ఇంకో పరీక్ష. హ్యాండ్ బ్రేక్ వదిలి, కుడికాలు బ్రేక్ మీద సిద్ధంగా ఉంచి, ఫస్ట్ గేరులో క్లచ్ అడుగుదాకా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. బండి మొదటినుంచే ముందుకు నెడుతుంటే విడుపు లేదు. ముందు కదలకుండా ఉండి, కాసేపటికి మెల్లగా పాకడం మొదలుపెడితే అది హైడ్రాలిక్ బండ్ల ప్రత్యేక లక్షణం: సిలిండర్ లోపలి రబ్బరు సీలు ఒత్తిడిని నిలబెట్టలేక ఆయిల్‌ను లోపల్లోపలే జారవిడుస్తోంది. బయట ఒక్క చుక్క కూడా కారదు కాబట్టి దీన్ని పట్టుకోవడం కష్టం. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి నిలబడితే బండి ముందుకు పాకుతోందని ఎవరైనా చెబితే నేను మొదట అనుమానించేది ఇదే.

గేరు పడనప్పుడు పెడల్‌ను మూడు నాలుగుసార్లు గబగబా తొక్కి మళ్ళీ ప్రయత్నించండి. అప్పుడు పడితే హైడ్రాలిక్‌లో గాలి పట్టింది, ఆయిల్ తగ్గింది, లేదా మాస్టర్ సిలిండర్ నీరసించింది. కేబుల్ బండిలో ఎన్నిసార్లు తొక్కినా తేడా ఉండదు.

వానాకాలంలో నెలల తరబడి కదలకుండా నిలబెట్టిన బండికి ఇంకో తంటా వస్తుంది. పెడల్ మామూలుగానే ఉంటుంది, కేబుల్ బాగానే ఉంటుంది, కానీ ఒక్క గేరూ పడదు. తేమకు తుప్పు పట్టి క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అంటుకుపోతుంది. దీన్ని విడిపించడానికి చెప్పే చిట్కాలన్నీ బండిని ఎగిరెగిరి పడేలా చేసేవే, ఇంటి ముందు ప్రయత్నించకండి.

పట్టు పరీక్ష

ఖాళీగా ఉన్న రోడ్డు కావాలి, కొంచెం ఎత్తు ఎక్కేదైతే మరీ మంచిది. నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఇంజన్ శబ్దమూ వేగమూ కలిసి పెరగాలి. శబ్దం మాత్రం గభాలున పైకి లేచి, వేగం ముల్లు నింపాదిగా కదిలితే క్లచ్ జారుతోంది. ఆర్పీఎం మీటరు లేకపోయినా ఫరవాలేదు, మీ బండి గొంతు మీకు తెలుసు. జారుడు మొదట పెద్ద గేర్లలోనే బయటపడుతుంది. ఫస్ట్‌లో, సెకండ్‌లో బాగానే లాగుతోందని మోసపోకండి.

రోడ్డు దొరక్కపోతే నిలబడిన చోటే చేయొచ్చు. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, చక్రాలకు రాళ్ళు పెట్టి, కుడికాలితో బ్రేక్ తొక్కి, మూడో గేరు వేసి క్లచ్ నెమ్మదిగా వదలండి. ఇంజన్ గిలగిల్లాడి ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే పట్టు లేదు. ఒక్కసారి చేస్తే చాలు. ప్రతిసారీ ప్లేటు కొంచెం కాలుతుంది, పరీక్ష పేరుతో దాన్ని చంపొద్దు.

జారుతోందని తేలగానే ప్లేటు పోయిందని రాసేసుకోకండి. ముందు ఫ్రీ ప్లే చూడండి. గేర్లు సాఫీగా పడటం కోసం ఎవరో కేబుల్‌ను బిగించేసి ఫ్రీ ప్లే లేకుండా చేస్తారు. అప్పుడు మీరు పెడల్ ముట్టుకోకపోయినా బేరింగు స్ప్రింగును కొంచెం నొక్కుతూనే ఉంటుంది, ఎప్పుడూ కాలు సగం పెట్టి నడిపినట్టే. దాన్ని వదులు చేయగానే పట్టు తిరిగి వచ్చిన బండ్లున్నాయి. ఆలస్యం చేస్తే మాత్రం ప్లేటూ బేరింగూ రెండూ పోతాయి.

శ్రీశైలం ఘాటులోనో, తిరుమల దారిలోనో వరసలో ఇరుక్కుని, హ్యాండ్ బ్రేక్ వాడకుండా క్లచ్ మీదే బండిని ఆపుతూ ఎక్కినప్పుడు ఘాటైన కాలిన వాసన వస్తుంది. వెంటనే పక్కకు తీసి అరగంట చల్లారనివ్వండి. చల్లారాక నాలుగో గేరు పరీక్షలో నెగ్గితే ప్లేటు బతికినట్టే. చల్లారినా జారుతుంటే బతకలేదు.

చెవితో చేసే పరీక్ష

న్యూట్రల్‌లో ఇంజన్ తిరుగుతుండగా కిటికీలు దించి, పెడల్‌ను నెమ్మదిగా తొక్కండి. తొక్కినప్పుడు గీమని శబ్దం మొదలై, వదిలితే పోతే రిలీజ్ బేరింగు. కాలు తీసినప్పుడు శబ్దం ఉండి, పూర్తిగా తొక్కితే ఆగిపోతే గేర్‌బాక్స్ లోపలి ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి బలాన్ని లోపలికి తెచ్చే ఇరుసు) బేరింగు మీద అనుమానం, క్లచ్ సెట్టు మారిస్తే అది పోదు. ఫస్ట్ గేరులో కదిలేటప్పుడు బండి మొత్తం దడదడలాడితే ముందు ఇంజన్, గేర్‌బాక్స్ మౌంటింగులు (వాటిని బండికి పట్టి ఉంచే దిమ్మెలు) చూపించండి. అవి బాగుంటే ప్లేటు మీద ఆయిల్ పడిందనో, ఫ్లైవీల్ మీద కాలిన మచ్చలు పడ్డాయనో అర్థం.

కేబుల్ బండి అయితే

విడుపు లోపం తేలి, ఫ్రీ ప్లే ఎక్కువగా ఉంటే సర్దుబాటు మీరే చేసుకోవచ్చు. ఇంజన్ చల్లారాక, గేర్‌బాక్స్ లివర్ దగ్గర కేబుల్ చివర నట్టుకు పానా వేయండి. లాక్ నట్టు ఉంటే ముందు దాన్ని వదులు చేయాలి. సగం చుట్టు తిప్పడం, పెడల్ నొక్కి కొలవడం, మళ్ళీ సగం చుట్టు. బిగిస్తే ఫ్రీ ప్లే తగ్గుతుంది, వదులు చేస్తే పెరుగుతుంది. అంకె సరిపోయాక లాక్ నట్టు బిగించి, రివర్స్ పరీక్ష మళ్ళీ చేయండి.

ఇక్కడ ఒక సంగతి రాసిపెట్టుకోవడం నాకు అలవాటైంది: ఏ తేదీన, ఎటు వైపు, ఎన్ని చుట్లు తిప్పానని. ఎందుకంటే తిప్పిన దిక్కే రోగం పేరు చెబుతుంది. ప్లేటు అరిగే కొద్దీ స్ప్రింగు వేళ్ళు బేరింగు వైపు జరుగుతాయి, ఫ్రీ ప్లే తగ్గుతుంది, క్లచ్ పట్టే చోటు పైకి వస్తుంది. కాబట్టి మాటిమాటికీ వదులు చేయాల్సి వస్తోందంటే ప్లేటు అరుగుతోంది. మాటిమాటికీ బిగించాల్సి వస్తోందంటే ప్లేటుకు సంబంధం లేదు, కేబుల్ సాగుతోంది. తీగలు ఒక్కొక్కటే తెగుతున్నాయి, లేదా కేబుల్ ఆనుకున్న రేకో బ్రాకెట్టో వంగుతోంది. మా బండికి నెలలో మూడుసార్లు బిగించారు. మూడోసారికైనా ఎవరో ఒకరు, ముందుగా నేను, ఆగి ఆలోచించి ఉండాల్సింది.

తీగలు ఎక్కువగా తెగేది పెడల్ కొక్కెం దగ్గర. టార్చి పట్టుకుని డ్యాష్‌బోర్డు కిందికి తల దూర్చి చూడాలి, నడుము కాస్త నొప్పెడుతుంది. ఒక్క తీగ ముళ్ళులా పైకి లేచి ఉన్నా కేబుల్ మార్చేయండి. చాలా కేబుళ్ళకు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, అందులో ఆయిల్ పోస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుసుకుంటుంది.

హైడ్రాలిక్ అయితే

ఆయిల్ డబ్బాలో మట్టం పై గీతకూ కింది గీతకూ మధ్య ఉందా చూడండి. కొన్ని బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకటే డబ్బా ఉంటుంది. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతోందనో, బ్రేక్ ప్యాడ్లు అరిగాయనో అర్థం. నింపి ఊరుకోవద్దు. పెడల్ పైన, కాలు పెట్టే చోట లోపలి గోడ తడిగా ఉంటే మాస్టర్ సిలిండర్. గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తితే తడి కనిపిస్తే అది స్లేవ్. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే అతుకు కింద తడి ఉంటే, స్లేవ్ లోపలే ఉండే రకం బండి కావచ్చు. అప్పుడు మాత్రం బాక్సు దించక తప్పదు. అక్కడ కారేది ఇంజన్ ఆయిలో, గేర్ ఆయిలో కూడా కావచ్చు కాబట్టి వేలితో తాకి చూడండి. బ్రేక్ ఆయిల్ పల్చగా ఉంటుంది. చెయ్యి వెంటనే కడుక్కోండి.

తేల్చేసే పరీక్ష ఒకటుంది, దానికి ఇంకో మనిషి కావాలి. ఇంజన్ ఆపి, వాళ్ళని పెడల్ తొక్కమని, మీరు గేర్‌బాక్స్ మీది లివర్ ఎంత కదులుతోందో చూడండి. పైనుంచి కనిపిస్తేనే చేయండి, ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి దూరొద్దు. పెడల్ అడుగుదాకా పోయినా లివర్ అరకొరగా కదిలితే తప్పు బయటే ఉంది. లివర్ నిండుగా కదిలినా క్లచ్ విడవకపోతే తప్పు లోపల ఉంది. కేబుల్ బండికీ ఇదే పరీక్ష పనికొస్తుంది. ప్లేట్లు పోయాయని ఎవరు చెప్పినా, ముందు ఈ పరీక్ష నా కళ్ళ ముందు చేయమంటాను.

గాలి పట్టిందని తేలితే బ్లీడింగ్ చేయాలి, అంటే ఆ గాలిని బయటికి తీసేయాలి. స్లేవ్ మీది, గాలి వదలడానికి ఉన్న చిన్న మర లాంటి నిపిల్‌కి పారదర్శకమైన గొట్టం తొడిగి, రెండో కొసను కొంచెం బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, రెండోవారు నిపిల్ వదులు చేయాలి. బుడగలు వస్తాయి. నిపిల్ బిగించాకే పెడల్ వదలాలి, ఈ వరస తప్పితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది. బుడగలు ఆగేదాకా చేయండి, మధ్యమధ్య డబ్బా నింపుతూ ఉండండి. బండిలోని డబ్బా మీద రాసిన రకం బ్రేక్ ఆయిలే (డాట్ 3 లేదా డాట్ 4), సీలు తీయని కొత్త డబ్బా నుంచి పోయండి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి మూత తీసి నెలలు గడిచినది వద్దు. ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్ళు ఉబ్బి మొత్తం వ్యవస్థ పాడవుతుంది. రంగు మీద చుక్క పడితే వెంటనే నీళ్ళతో కడగండి, పెయింటు తినేస్తుంది. బ్రేకుకూ క్లచ్‌కూ ఒకటే డబ్బా ఉండి, ఈ పని మీకు ఇదే మొదటిసారి అయితే మాత్రం తెలిసినవాళ్ళ చేత చేయించండి. పొరపాటు జరిగితే క్లచ్‌తో ఆగదు.

దించక తప్పనప్పుడు

ఫ్రీ ప్లే సరిగ్గా ఉండి జారుతుంటే, లివర్ నిండుగా కదిలి విడవకపోతే, రిలీజ్ బేరింగు అరుస్తుంటే బాక్సు దించండి, వాయిదా వేయొద్దు. జారే ప్లేటుతో నెలలు తిప్పితే రివెట్లు బయటపడి ఫ్లైవీల్‌ను గీరేస్తాయి. దించినప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్పించుకోండి. బేరింగు ఒక్కటి మిగిల్చి మళ్ళీ అదే లేబరు కట్టినవాళ్ళని చూశాను. ఇంజన్ వెనక ఆయిల్ సీలు తడిగా ఉంటే అదీ అప్పుడే మార్చాలి, లేదంటే కొత్త ప్లేటు మీద ఆయిల్ పడుతుంది. లోపలి దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టనివ్వకండి, పాత లైనింగుల్లో (ప్లేటు మీది రాపిడి పొరల్లో) ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

పాత ప్లేటును అడిగి తీసుకుని చూడండి. రివెట్ల తలలు పైమట్టానికి దగ్గరగా వస్తే అరిగినట్టు. నల్లగా మెరుస్తూ ఆయిల్ వాసన వేస్తే సీలు సంగతి. లైనింగు మందంగా, పొడిగా, బాగానే ఉంటే కేబుల్ ఎవరూ చూడలేదన్నమాట.

కొత్త సెట్టు వేశాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెత్తగా నడపండి. తర్వాత కేబుల్ బండి అయితే ఫ్రీ ప్లే మళ్ళీ కొలిచి, ఆ అంకెనూ తేదీనీ సర్వీసు పుస్తకం వెనక పేజీలో రాయండి.